వయసు పెరగడంలోని ఆనందానికీ పత్రికలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారాలు.

ఉద్యోగ బాధ్యతలు, పిల్లల చదువులు పూర్తయ్యాక, డెబ్బై దాటిన ఈ వయసులో పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తీరిగ్గా చదివే భాగ్యం కలిగినవారిలో నేనొకదాన్ని. వృద్ధాప్యం గురించి మీరు ప్రచురించే వ్యాసాలను మరింత శ్రద్ధగా చదువుతాను. కీళ్లనొప్పులు, మతిమరుపు, ఒంటరితనం, ఆదాయం చాలకపోవడం, కన్నబిడ్డల నిరాదరణ, ఫోన్లలో మాయమాటలు చెప్పి డబ్బు కాజేసేవాళ్లు, ఇలా మీరు రాసేవన్నీ నిజాలే. వాటిలో ఒక్కదాన్నీ తగ్గించమని నేను కోరడం లేదు. అయితే వీటినే ఏళ్ల తరబడి చదివిన ఒక నలభై ఏళ్ల మనిషికి, ముందున్న దారంతా దిగుడే తప్ప అందులో ఆశపడదగినదేమీ లేదన్న అభిప్రాయం స్థిరపడిపోతుంది. ఆ అభిప్రాయం సగం నిజం మాత్రమే. వయసు మీదపడేకొద్దీ కొన్ని సంతోషాలు, అవి కూడా పాతికేళ్ల వయసులో ఎంత వెతికినా దొరకనివి, మన చేతికి వస్తాయి. అవి ఎక్కడి నుంచి వస్తాయో, వాటికి అడ్డుపడుతున్నవేమిటో చెప్పాలనే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి గుర్తుచేయాలి. ముసలితనం దాకా బతకడం మానవజాతిలో అత్యధికులకు ఇటీవలే దక్కిన అవకాశం. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 1950లో ప్రపంచ సగటు ఆయుర్దాయం సుమారు 46 ఏళ్లు. 2019 నాటికి అది దాదాపు 73 ఏళ్లకు చేరింది. పూర్వం అందరూ నలభైల్లోనే పోయేవారని దీని అర్థం కాదు. పుట్టిన బిడ్డల్లో ఎంతోమంది ఐదేళ్లు నిండకుండానే కన్నుమూయడం వల్ల సగటు అంత తక్కువగా ఉండేది. టీకాలు, శుభ్రమైన నీరు, యాంటీబయాటిక్ మందులు, సురక్షితమైన కాన్పులు కలిసి ఆ పరిస్థితిని మార్చాయి. 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు అరవై ఏళ్లు, ఆపైన వయసువారే ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ లెక్కను వార్తల్లో ఎప్పుడు చూసినా ‘భారం’ అన్న మాట దాని పక్కనే ఉంటుంది. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా మా తరంలో పసితనంలోనే పోయిన పిల్లలు గుర్తొస్తారు. వారికి దక్కనిది నాకు దక్కింది. అందులో నా గొప్పేమీ లేదు. ఊరూపేరూ తెలియని ఎందరో నర్సులు, నీటి శుద్ధి కేంద్రాల్లో రాత్రింబగళ్లు పనిచేసిన కార్మికులు, ప్రయోగశాలల్లో జీవితాలు గడిపిన శాస్త్రవేత్తలు నాకిచ్చిన ఏళ్లివి.

ఇక వృద్ధుల మనసు సంగతి. వయసు పెరిగినకొద్దీ మనిషి దిగులుగా, చిరాకుగా తయారవుతాడన్నది అందరూ నమ్మే విషయం. దీన్ని పరీక్షించి చూసినవారు ఉన్నారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్‌సెన్, ఆమె సహచరులు పద్దెనిమిదేళ్ల వారి నుంచి తొంభైల్లో ఉన్నవారి దాకా కొంతమందిని ఎంచుకుని, వారికి పేజర్లు ఇచ్చి, వారం పాటు రోజుకు ఐదుసార్లు ముందు చెప్పని సమయాల్లో అవి మోగేటట్టు ఏర్పాటు చేశారు. అది మోగిన క్షణాన మనసులో ఏముందో, కోపమో సంతోషమో విసుగో, ఎంత గాఢంగా ఉందో రాయాలి. అదే మనుషులను ఐదేళ్లకొకసారి మళ్లీ ఇలాగే అడిగారు. 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వయసు పెరిగినకొద్దీ వారి భావోద్వేగ జీవితం మొత్తం మీద మెరుగుపడింది, నిలకడగా కూడా మారింది. మరొక విషయం కూడా అందులో తేలింది. వయసు పెరిగేకొద్దీ ఒకే క్షణంలో సంతోషమూ విషాదమూ కలగలిసి ఉండటం ఎక్కువైంది. పాత ఫోటోల ఆల్బం తెరిచినప్పుడు నవ్వూ కన్నీరూ ఒకేసారి వస్తాయి కదా, అది. కన్నీరు కనబడగానే పిల్లలు కంగారుపడి ఆల్బం మూసేస్తారు. అందులో కంగారుపడాల్సిందేమీ లేదు. ఆ రెండింటినీ కలిపి భరించగలగడం వయసు నేర్పిన నేర్పు.

దీనికి కారణం ఏమిటన్నదే నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన విషయం. కాస్త వివరంగా రాస్తాను, మన్నించాలి. కార్‌స్టెన్‌సెన్ బృందం మనుషులను ఒక చిన్న ప్రశ్న అడిగింది. మీకు అరగంట ఖాళీ దొరికింది, దాన్ని ఎవరితో గడుపుతారు? మీ ఇంటి మనిషితోనా, మీరిప్పుడే చదివిన పుస్తకం రాసిన రచయితతోనా, మీ అభిరుచులే ఉన్న ఒక కొత్త పరిచయస్తుడితోనా? పెద్దవయసువారిలో ఎక్కువమంది ఇంటి మనిషినే ఎంచుకున్నారు. యువకుల్లో అలాంటి మొగ్గు కనబడలేదు. ముసలివాళ్లకు కొత్తదనం గిట్టదని అక్కడితో తీర్పు చెప్పేయవచ్చు. వారు అక్కడ ఆగలేదు. త్వరలోనే మీరొక్కరే దూరప్రాంతానికి తరలిపోతున్నారనుకోండి అని చెప్పి యువకులను అదే ప్రశ్న అడిగితే, వారు కూడా పెద్దవాళ్లలాగే ఇంటి మనిషిని ఎంచుకున్నారు. తరువాత జరిగిన మరొక అధ్యయనంలో, కొత్త వైద్యం వల్ల మీరు అనుకున్నదానికన్నా ఇంకో ఇరవై ఏళ్లు ఆరోగ్యంగా బతుకుతారనుకోండి అని పెద్దవాళ్లతో చెప్పి అడిగారు. అప్పుడు వారిలో ఆ మొగ్గు కాస్తా మాయమైంది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. పెద్దవయసులో వచ్చే ఆ నెమ్మదికీ, దగ్గరివారి మీద పెరిగే ఆపేక్షకూ మూలం తెల్లజుట్టులో లేదు, మందగించిన మెదడులో అంతకన్నా లేదు. కాలం ఇక ఎంతో లేదని తెలియడంలో ఉంది. ఎదురుగా బోలెడంత కాలం ఉన్నప్పుడు మనిషి కూడబెడతాడు. డబ్బే కాదు, పరిచయాలు, సమాచారం, పేరు, ఎప్పటికైనా పనికొస్తాయని ఏవేవో కూడబెడతాడు. ముందున్న కాలం తక్కువని తెలిశాక కూడబెట్టడం తగ్గించి, ఉన్నదాన్ని అనుభవించడం మొదలుపెడతాడు. పనికిరాని పంతాలు సడలిపోతాయి. పక్కవాడి ఇల్లు మనకన్నా పెద్దదన్న బాధ ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. పలకరించవలసినవారు కొద్దిమందే మిగులుతారు, వారిని నిండు మనసుతో పలకరిస్తాం. నా వయసులో ఉన్న నా స్నేహితురాళ్లలో దాదాపు అందరిలోనూ ఈ మార్పు చూశాను. యవ్వనంలో గంటలకొద్దీ వాదించుకున్నవాళ్లం ఇప్పుడు ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడుకుని, ఆ ఐదు నిమిషాలూ రోజంతా తలచుకుంటాం.

ఇదే నిజమైతే, పెద్దవాళ్ల ఎదుట చావు మాట ఎత్తకూడదన్న మన ఇళ్లలోని అలవాటు వారికి మేలు చేయదు. “నేను పోయాక ఈ పుస్తకాలు ఎవరికివ్వాలో చెబుతాను, రాసుకో” అని ఒక తల్లి అంటుంది. “అబ్బా, ఇప్పుడా మాటలెందుకమ్మా, నీకేం, నూరేళ్లుంటావు” అని కొడుకు మాట మారుస్తాడు. ప్రేమతోనే అంటాడు. కానీ ఆ తల్లి కోరుకున్నది భరోసా కాదు. ఏ పుస్తకం తనకెలా వచ్చిందో, ఏది ఎవరు ఇష్టపడతారో చెప్పుకుంటూ ఒక సాయంత్రం కొడుకుతో గడపడం ఆమె కోరుకున్నది. కాలం తక్కువన్న ఎరుక నుంచే ఆమెకు ఆ తృప్తి పుట్టింది, ఆ ఎరుకనే నోరెత్తనివ్వకుండా చేశాడు. నా ఎరుకలో ఒక పెద్దావిడ తన పుస్తకాలన్నిటికీ లోపలి అట్టమీద పెన్సిలుతో పేర్లు రాసి పెట్టుకుంది. ఇంటికెవరైనా వస్తే వారి పేరున్న పుస్తకం అప్పుడే తీసి చేతిలో పెట్టేస్తుంది. “నేనుండగా నువ్వు చదివి ఎలా ఉందో చెప్పాలి, లేకపోతే ఇవ్వడమెందుకు” అంటుంది. ఆమె అలమర సగం ఖాళీ అయింది. ఆమెకు వచ్చే ఫోన్లు మాత్రం రెట్టింపయ్యాయి. వారం వారం ఎవరో ఒకరు చదివిన పుస్తకం గురించి ఆమెతో వాదించడానికి ఫోన్ చేస్తూనే ఉన్నారు.

శరీరం సంగతి మరచిపోయి ఈ మాటలు రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నలభై దాటాక కంటిలోని కటకం బిగుసుకుని చత్వారం వస్తుంది. లోపలి చెవిలోని సున్నితమైన కేశకణాలు దెబ్బతింటే మళ్లీ పుట్టవు కాబట్టి వినికిడి తగ్గుతుంది, అందులోనూ ముందుగా సన్నని శబ్దాలు పోతాయి. కండరాలు ఏటికేడు పలచబడతాయి. పడక మీద నుంచి లేవాలంటే ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందకు దించి, అంచున కాసేపు కూర్చుని, కళ్లు తిరగడం లేదని రూఢి చేసుకుని, అప్పుడు నిలబడాలి. ఇరవై ఏళ్ల వయసులో ఇవన్నీ ఒకే కదలికలో జరిగిపోయేవి, అందుకే అవి ఉన్నాయనే తెలియలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ విడిగా తెలుస్తోంది. అరికాలు చల్లని నేలను తాకడం, మోకాలు కొంచెం సణిగి ఆపైన ఒప్పుకోవడం, వెన్ను నిటారుగా నిలవడం. ఇవాళ కూడా నిలబడ్డానన్న సంతోషంతో నా రోజు మొదలవుతుంది. ఇది పెద్ద విషయంగా తోచనివారికి ఇంకా ఆ వయసు రాలేదని మాత్రమే అర్థం.

వినికిడి యంత్రం విషయంలోనూ అంతే. చెవిలో అది పెట్టుకుని తిరగడం నామోషీ అని ఎంతోమంది ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. ఈలోగా ఇంట్లో నలుగురూ నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియక, మళ్లీ అడగలేక, మెల్లగా పక్క గదిలోకి తప్పుకుంటారు. ఒంటరితనం చాలా ఇళ్లలో ఇలాగే మొదలవుతుంది. నేను యంత్రం పెట్టుకున్న తొలి ఉదయం మీ పత్రిక పేజీ తిప్పుతుంటే గరగరమని చప్పుడు వినబడింది. కాగితానికి చప్పుడుంటుందన్న సంగతే నేను మరచిపోయాను. ఆ పేజీని మళ్లీ మళ్లీ తిప్పి విన్నాను. గోరంత యంత్రంలో మైకును, బ్యాటరీని ఇమిడ్చి, ఏ శబ్దాన్ని పెంచాలో దేన్ని తగ్గించాలో దానికి నేర్పిన ఇంజనీర్లు ఎవరో నాకు తెలియదు. వారందరికీ ఈ పత్రికాముఖంగా నా కృతజ్ఞతలు.

శక్తి తగ్గినప్పుడు తెలివిగా బతకడం ఎలాగో చెప్పడానికి జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ బాల్టెస్ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టీన్ ఉదాహరణ ఇచ్చేవారు. ఎనభై ఏళ్ల వయసులో కూడా అంత బాగా ఎలా వాయించగలుగుతున్నారని అడిగితే ఆయన చెప్పిన సంగతులు మూడు. మునుపటికన్నా తక్కువ రచనలు వాయిస్తారు. వాటినే మునుపటికన్నా ఎక్కువగా సాధన చేస్తారు. వేళ్లు వేగంగా కదలలేవు కనుక, వేగంగా సాగే ఘట్టానికి ముందు భాగాన్ని కావాలనే ఇంకాస్త నిదానం చేస్తారు, దానితో తరువాతది వినేవారికి వేగంగానే అనిపిస్తుంది. 1887లో పుట్టిన ఆయన 1976 దాకా, అంటే దాదాపు తొంభై ఏళ్ల వరకు, కచేరీలు చేశారు. ఈ పద్ధతి పియానోకే పరిమితం కాదు. పది పనులు వదిలి రెండు పనులను ప్రేమగా చేసే ఏ పెద్దమనిషికైనా ఇది తెలుసు. మొక్కలంటే ఇష్టమున్న ఆవిడ పెరడంతా వదిలేసి కిటికీలో నాలుగు కుండీలు పెంచుకుంటుంది, ఆ నాలుగింటిలో ఏ ఆకు ఎప్పుడు విచ్చిందో ఆమెకు తెలుస్తుంది.

చిత్రకారుడు ఆన్రీ మతీస్ జీవితం కూడా ఇక్కడ చెప్పదగినదే. 1941లో, 71 ఏళ్ల వయసులో, క్యాన్సర్ కారణంగా ఆయన కడుపుకు పెద్ద శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత ఎక్కువ భాగం మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమయ్యారు. నిలబడి పెద్ద చిత్రాలు వేయడం కష్టమైనప్పుడు సహాయకులు రంగులద్దిన కాగితాలను కత్తెరతో కత్తిరించి, గోడల మీద అమర్చే కొత్త పద్ధతికి ప్రాణం పోశారు. అవి ఈనాటికీ ఆయన కళలో శిఖరాలుగా నిలిచి ఉన్నాయి. శస్త్రచికిత్స తరువాత దక్కిన ఆ పదమూడేళ్లను ఆయన తన రెండో జీవితంగా భావించారు. మనందరం మతీస్‌లం కాలేం, కానవసరమూ లేదు. చేతిలో కుంచె నిలవనప్పుడు కత్తెర అందుకున్న ఆ ధోరణి మాత్రం ఎవరికైనా అందుబాటులో ఉన్నదే.

శరీరం కూడా మనం అనుకున్నంత మొండిగా తలుపులు మూసుకోదు. 1990లో ఒక అమెరికన్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, సంరక్షణ గృహంలో ఉంటున్న సుమారు తొంభై ఏళ్ల పది మంది చేత ఎనిమిది వారాల పాటు కాళ్ల కండరాలకు బరువులతో వ్యాయామం చేయించారు. చివరిదాకా నిలిచిన తొమ్మిది మందిలో కండరబలం సగటున 174 శాతం పెరిగింది. ఆ వయసులో, బలహీనంగా ఉన్న మనుషుల్లో! డాక్టరును అడగకుండా ఎవరూ బరువులెత్తమని చెప్పడం లేదు. ‘ఈ వయసులో ఇంకేం బాగుపడతాం’ అన్న మాట ఎంత తొందరపాటో చెప్పడానికే దీన్ని ప్రస్తావిస్తున్నాను.

ఇప్పుడు ఒక ముఖ్యమైన అభ్యంతరానికి వస్తాను. ఇది నా సొంత అభ్యంతరం కూడా. కృతజ్ఞత అన్న మాటను వృద్ధుల నోరు మూయించడానికి వాడటం నేను చాలాచోట్ల చూశాను. నడుం నొప్పిగా ఉందంటే “నీ వయసువాళ్లు చాలామంది మంచాన ఉన్నారు, నువ్వు నడుస్తున్నావు, సంతోషించు” అంటారు. ఎవరూ మాట్లాడటం లేదంటే “వేళకు అన్నీ అమరుతున్నాయి కదా, ఇంకేం కావాలి” అంటారు. ఆస్పత్రిలో గంటల తరబడి బెంచీ మీద కూర్చోబెట్టి, చూసినందుకే దణ్ణం పెట్టుకోమన్నట్టు ప్రవర్తిస్తారు. ఇలా పైనుంచి రుద్దేది కృతజ్ఞత కాదు, అణకువ. నొప్పికి మందు కావాలి. ఒంటరితనానికి మనిషి కావాలి. పూట గడవనివారికి ఆదాయం కావాలి. వాటి బదులు సద్బుద్ధులు చెప్పడం అన్యాయం. దిగులు కూడా కొందరిలో నిజమైన జబ్బు. నెలల తరబడి నిద్రపట్టక, దేని మీదా ఆసక్తి లేక కుమిలిపోతున్న పెద్దవారిని వయసు ప్రభావమని వదిలేయకుండా వైద్యుడికి చూపించాలి, అది నయమయ్యే జబ్బు. కృతజ్ఞత లోపలి నుంచి, తనంతట తానుగా కలగాలి. అలా కలిగినప్పుడు అది ఫిర్యాదుకు అడ్డురాదు. నా మోకాలికి కృతజ్ఞురాలినే, దాని మీద డాక్టరుకు ఫిర్యాదు చేస్తూనే ఉంటాను.

అలా తనంతట తాను కలిగే కృతజ్ఞతకు సాధన ఉపకరిస్తుందా అన్నదాన్ని కూడా శాస్త్రవేత్తలు పరిశీలించారు. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకలా 2003లో ప్రచురించిన అధ్యయనాల్లో ఒకటి, నరాలకూ కండరాలకూ సంబంధించిన జబ్బులతో బాధపడుతున్న పెద్దల మీద జరిగింది. వారిలో కొందరు మూడు వారాల పాటు ప్రతిరోజూ తాము దేనికి కృతజ్ఞులమో రాసుకున్నారు. అలా రాయనివారితో పోలిస్తే వారి మనసు తేలికపడింది, జీవితం పట్ల సంతృప్తి పెరిగింది, మెరుగైన నిద్ర కూడా పట్టింది. జబ్బు తగ్గిందని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పను. నొప్పితో బతుకుతున్న మనుషులకు కూడా ఇది పనికొచ్చిందన్నదే ఇందులో నాకు నచ్చింది. 2005లో మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం మరొక సాధనను పరీక్షించింది. తమకు ఎంతో మేలు చేసినా సరిగా ధన్యవాదాలు చెప్పుకోలేకపోయిన ఒక మనిషికి ఉత్తరం రాసి, వెళ్లి స్వయంగా అందించాలి. అలా చేసినవారి సంతోషం ఒక నెల దాకా స్పష్టంగా పెరిగి ఉంది, మూడు నెలలకు మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది. ఈ రెండో భాగాన్ని చెప్పడం చాలామంది మరచిపోతారు. నాకు అది నిరుత్సాహం కలిగించలేదు. నెల గడిచాక ఇంకొకరికి రాయవచ్చు కదా! ఈ వయసులో రుణపడినవారి జాబితా పొడుగ్గానే ఉంటుంది.

ఆ జాబితాలో నా వంతుగా మొదట రాసింది, నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా విభాగానికి పెద్దగా ఉన్న మేడమ్ గారికి. ఫైలు మీద నోట్ ఎలా రాయాలో, పై అధికారి గొంతు పెంచినప్పుడు గొంతు పెంచకుండా కాగితం చూపించి ఎలా నిలబడాలో ఆమె నేర్పారు. ఇప్పుడామెకు తొంభై దాటాయి. ఉత్తరంలో ‘మీరు నాకెంతో సాయం చేశారు’ అని ఊరుకోకుండా, ఏ రోజు ఏ గదిలో ఏ మాట అన్నారో, ఆ మాట తరువాత నాకు ఎన్ని సందర్భాల్లో కాపుగాసిందో రాశాను. వెళ్లి ఇచ్చాను. ఆమె కళ్లజోడు సరిచేసుకుని, మధ్యలో ఆపి ఆపి చదివి, “ఆ రోజు అంత ధైర్యంగా చెప్పానా నేను? నాకు గుర్తే లేదు సుమా” అన్నారు. తరువాత మనవరాలిని పిలిచి ఆ పేరా గట్టిగా చదివించుకున్నారు. తాను మరచిపోయిన తన జీవితంలోని ఒక మంచి రోజు ఆమెకు తిరిగి దక్కింది. నేను ఇచ్చింది ఒక కాగితమే. ముసలితనంలో జ్ఞాపకాలు పోతాయని భయపడతాం గానీ, మన గురించిన జ్ఞాపకాలు ఎన్నో ఇతరుల దగ్గర భద్రంగా ఉంటాయి, అడిగితే, లేదా వారికే చెప్పాలనిపిస్తే, తిరిగి వస్తాయి.

మీ పత్రికకు దీనితో ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెక్కా లెవీ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, యాభై ఏళ్లు, ఆపైన వయసున్న 660 మందిని ముసలితనం గురించి వారేమనుకుంటున్నారో ముందుగా అడిగి, ఇరవై ఏళ్లకు పైగా ఎవరు ఎంతకాలం జీవించారో గమనించారు. వయసు మీరడం పట్ల మంచి అభిప్రాయం ఉన్నవారు, చెడు అభిప్రాయం ఉన్నవారికన్నా సగటున ఏడున్నర ఏళ్లు ఎక్కువగా బతికారు. ఆరోగ్యాన్ని, ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా పూర్తిగా పోలేదు. అభిప్రాయమే ఆయుష్షును పెంచిందని ఇంతమాత్రాన తేల్చి చెప్పలేం. అయినా ముసలితనం గురించి మనిషికి అభిప్రాయం ముసలివాడయ్యాక ఏర్పడేది కాదు. చిన్నప్పటి నుంచి విన్న మాటలు, చూసిన బొమ్మలు, చదివిన వార్తలు కలిసి దాన్ని ముందే తయారుచేసి పెడతాయి. ఆ పనిలో పత్రికలకు పెద్ద వాటా ఉంది. వృద్ధుల గురించిన ప్రతి వ్యాసం పక్కనా ముడతలు పడ్డ చేతులు, చేతికర్ర, శూన్యంలోకి చూసే ముఖమే ఎందుకుండాలి? నవ్వుతూ వాదించుకుంటున్న ఇద్దరు డెబ్బై ఏళ్ల స్నేహితుల ఫోటో తీయడం అంత కష్టం కాదు.

ఏటా అక్టోబరు 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం వస్తుంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1990 డిసెంబరులో దాన్ని నిర్ణయించింది. 2021 నుంచి 2030 వరకు ఉన్న పదేళ్లను ఆరోగ్యకర వార్ధక్య దశాబ్దంగా కూడా అదే సభ ప్రకటించింది. ఆ ఒక్క రోజున పత్రికలన్నీ మమ్మల్ని తలచుకుంటాయి, ఎక్కువగా జాలితో. నా కోరిక దానికన్నా చిన్నది, కానీ కొంచెం ఎక్కువ కాలం సాగేది. వారానికొకసారి, పేజీలో ఒక మూల అయినా సరే, డెబ్బై దాటినవారు తమ మాటల్లో తామే రాసుకునేందుకు చోటివ్వండి. ఎనభై ఏళ్లకు పర్వతాలెక్కినవారి విజయగాథలు వద్దు. అవి చదివితే ఎక్కలేనివారు మరింత చిన్నబోతారు. మామూలు మనుషులు, మామూలు రోజు, అందులో వారికి సంతోషం కలిగించింది ఏమిటి, ఎవరికి ధన్యవాదాలు చెప్పుకోవాలనుకుంటున్నారు, అంతే. ఇప్పటికీ బాధిస్తున్నదేమైనా ఉంటే అది కూడా రాయనివ్వండి, తుడిచేయకండి. రాయలేనివారు చెబితే ఇంట్లోని పిల్లలు రాసి పంపవచ్చునని ప్రకటించండి. అలా రాసే వంకతో ఆ ఇళ్లలో జరిగే సంభాషణలు అచ్చయ్యే నాలుగు పేరాలకన్నా విలువైనవని నా నమ్మకం. దయచేసి ఆ శీర్షిక వరకు అక్షరాలు కాస్త పెద్దవిగా వేయించండి.

మీరు అనుమతిస్తే, తన పుస్తకాలను తానే పంచిపెడుతున్న ఆ పెద్దావిడ మొదటి వారానికి రాయడానికి ఒప్పుకున్నారు. చేతివ్రాతలో పంపవచ్చునా, కంప్యూటరులో టైపు చేయించి పంపాలా అన్నది తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక పాఠకురాలు